ఏడో స్తంభం

గిరింపేటలో మా ఇంటి నుంచి పాలబూత్ దాకా
పదకొండు కరెంటు స్తంభాలు.
మూడోదానికి ట్యూషన్ బోర్డు,
అయిదోదానికి తేనెతుట్టె ఉండిన మచ్చ,
ఏడోదాని కింద ఎప్పుడూ ఒక కుక్క.
ఒకప్పుడు ఈ వీధి నాకు లెక్కలోకే రాదు,
పీల్చిన గాలి వదిలేలోపల అయిపోయేది.

నేను పీఈటీ టీచర్ని.
ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని ఖోఖోకి కూర్చోబెట్టి
"లెయ్, లెయ్, ఖో అన్నాక ఆలోచనేంది" అని
గ్రౌండంతా అరిచే గొంతు నాది.
మెడలో విజిల్ తాడు గీసిన గీత
తాళి గీతకన్నా పాతది.

ఇప్పుడు గడప దాటాలంటే
గోడ పట్టుకుంటాను.
"ఆటల టీచరువి, నీకేం భయం?" అంటారు స్టాఫ్ రూములో.
ఆ మాటకు తలుపు ఇంకొంచెం బరువెక్కుతుంది.

పోయినసారి మూడో నెల.
రిలేలో కర్ర ఎట్లా అందుకోవాలో
పిల్లలకు ముప్పై అడుగులు పరిగెత్తి చూపించినాను.
ఆ రాత్రి సంగతి
బాత్రూములో ఎర్రబకెట్టుకు తెలుసు.

"నీ పరుగుకూ దానికీ సంబంధం లేదమ్మా,
విత్తనమే నిలవలేదు" అని
డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది.
చెవికి ఎక్కింది.
కాళ్ళకు దిగలేదు.

ఈసారి చీటీలో ఐరన్ మాత్రల కింద రాసింది:
రోజూ అరగంట నడక.
మాత్రయితే మింగేదాన్ని.

మా అత్త మునెమ్మ సంకటి ముద్ద పెడతా
"ఏడో నెల్లో చెనిక్కాయలు పెరికినా నేను" అంటుంది,
అంటూనే నా చేతిలో చెంబు లాక్కుంటుంది.
చెంగల్రాయుడు ఏమీ అనడు.
మెట్ల మీద నా వెనకే దిగుతాడు,
గాజు సామాను దించే కూలీ మాదిరి
రెండు చేతులూ ముందుకు పెట్టుకుని.
ఆ చేతుల్ని చూస్తే చాలు, నేను గాజైపోతాను.

ఫోన్లో అడుగుల లెక్క.
ఆదివారం నూట పన్నెండు. సోమవారం తొంభై.
అందులో కొన్ని
నర్సుకు చూపించడానికి ఫోను ఊపి కలిపినవి.

పక్కింటి దిల్షాద్‌కు ఇది మూడో కాన్పు.
బుర్ఖా కింద హవాయి చెప్పులు, చేతిలో పాలకేను.
"రా టీచర్, కుక్క దాకా పోయొద్దాం" అంది.
అంతే.
నడక అనలేదు, మంచిదని అనలేదు.

మొదటిరోజు రెండు స్తంభాలు.
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురి లారీల వాసనకు
కడుపులో తిప్పింది,
దాన్నే సాకు చేసుకుని వెనక్కి వచ్చేసినాను.
ఆమె పాలకు పోయింది.
మర్నాడు నాలుగు. ఆ మర్నాడు సున్నా.
తరువాత అయిదు.

నిన్న కుక్క దాకా పోయి, ఆగిపోయినాను.
"ఏమైంది?"
"కూర్చుంటే తన్నే బిడ్డ
నడిస్తే కదలదు దిల్షాద్.
ఆ నిశ్శబ్దం నాకు తెలుసు,
స్కానింగు గదిలో ఒకసారి విన్నాను."

ఆమె నవ్వింది, కుక్క లేచి పక్కకు పోయేంత.
"నిద్రబోతా ఉండాది టీచర్!
నువ్వు ఊపుతా ఉంటే ఎందుకు మేలుకుంటాది?
మా పెద్దోడూ అంతే,
నేను కూలబడితే లేచి ఆడుకునేవాడు."

తిరిగి వచ్చేటప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టలేదు.
పెట్టాలనిపించింది,
ఆరో స్తంభం దగ్గర, మళ్ళీ తేనెమచ్చ దగ్గర.
పిల్లలు పడుకున్న గదిలో నడిచినట్టు
చెప్పులు చప్పుడు కాకుండా వేసినాను.
నమ్మినానని కాదు.

అరుగు మీద కూర్చుని ఎదురుచూసినాను.
ఒక నిమిషం.
లారీ ఒకటి పోయింది.
రెండు.

"లెయ్" అన్నాను మెల్లగా,
విజిల్ లేని గొంతుతో.