సోంపు

తెలుగులో దీన్ని ఏమనాలో నాకు తెలియదు.
పుట్టగొడుగు అందామంటే
కింద పుట్ట లేదు, పైన గొడుగూ లేదు.
నిలువు మానుకి పక్కవాటంగా
ఎవరో మేకు కొట్టి మరిచిపోయిన అర.
గోటితో కొడితే టకటకమంటుంది.
కూరకి పనికిరాదు.

ఫిన్లాండులో, కుహ్మో దాటాక
మట్టిరోడ్డు బురదలో ఆగిపోయిన చోట
ఓస్మో కారు దిగి
హిల్క్కా వైపు తలుపు తీశాడు.

ఆమెకి డెబ్బై తొమ్మిది.
కళ్ళ నడుమ మసక ముద్ద.
దేన్ని చూడబోతే అదే మాయమై
దాని ఇరుగుపొరుగు మిగులుతుంది.

అతనికి కళ్ళు దివ్యంగా ఉన్నాయి.
రెండు చలికాలాల కిందట
జ్వరంతో పాటు ముక్కు పోయింది.
కాఫీ అంటే ఇప్పుడు నల్లటి వేడినీళ్ళు.
పొగ అంటే కంటిమంట.

ఏది కొట్టాలో ఏది ఉంచాలో
రిబ్బను కట్టి చెప్పడం అతని ఉద్యోగం.
"నేనూ ముప్పై ఏళ్ళు అదే చేశాను,
అప్పుడు రిబ్బన్లు కాదు, గొడ్డలితో గాటు" అంది హిల్క్కా.
"రైత చెట్టుని లెక్కలోకే తీసుకునేవాళ్ళం కాదు.
దూలానికి రాదు, పలకకి రాదు.
అడ్డొస్తే పడగొట్టేవాళ్ళం."

ఇప్పుడు ఆ పనికిరాని ముసలి రైతల కోసమే
నాచు మీద, నీళ్ళ గుంటల మీద
ఆమె చెయ్యి అతని మోచేతికి వేసి
గంటన్నర నడక.

బిర్చి మీద గుర్రపు డెక్కల్లాంటివి: కాదు.
ఒక రైత మీద గవ్వల్లా పల్చగా, అడుగున గోధుమరంగు:
కాదు, అది ఎక్కడైనా ఉండేదే.
ఇంకో రైత మీద తెల్లగా, ముద్దగా...
కాదు, ఎవరో వేలాడదీసిన గ్లవ్.
హిల్క్కా అరగంట దాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

"మా అమ్మమ్మ చెప్పేది.
పూర్వం కుర్రాళ్ళు దాన్ని మొలలో సంచిలో పెట్టుకునేవాళ్ళట,
పిల్ల తల తిప్పి చూడాలని."
"తిప్పేవాళ్ళా?"
"అమ్మమ్మ తిప్పింది.
వాడు మా తాత కాదు."

గాలి మళ్ళింది.
ఆమె మాట మధ్యలో ఆగింది.
"అటు," అంది, ఖాళీ వైపు వేలు చూపిస్తూ.
"సోంపు."

ఒరిగిన రైత, సగం బెరడు ఊడింది.
మనిషి తలకంటే ఎత్తులో
బూడిదరంగు అర, అడుగున మీగడ తెలుపు.
నడుముకి అతను కట్టిన రిబ్బనే, పోయిన మంగళవారంది.

"తొందరపడకు," అంది తనే.
"ఏటి ఒడ్డున ఇంకోటుంది. ఇదే వాసన.
అది ఏడాది బతికి పోయేది. పొరలు చూడు."
అతను భూతద్దం తీశాడు.
అడుగున సూది కన్నాలు, మిల్లీమీటరుకి నాలుగు.
అంచుమీద ఏటికో వరస.
తొమ్మిది దాకా లెక్కపెట్టాడు, తర్వాతవి నాచులో కలిశాయి.

ఇంకా ఎందుకో ముక్కు ఆనించాడు.
చల్లదనం. అంతే.
"ఎలా ఉంది?" అని ఆమెనే అడిగాడు.
ఆమె చాలాసేపు ఆలోచించింది.
"క్రిస్మస్ రొట్టె.
మీ అమ్మ పొయ్యి తలుపు తీసీ తియ్యనట్టు తీసినప్పుడు."
అతను అలాగే నిలబడ్డాడు, నోరు కొంచెం తెరిచి.

కాగితంలో గుర్తించినవారు అన్నచోట ఒకటే గీత.
"నీ పేరు రాసుకో, నేను చూడలేదుగా."
"నేను వాసన..." అని ఆగిపోయాడు.
ఆ వాక్యం అతను వాళ్ళ భాషలో ఎలా ముగిస్తాడో తెలియదు.
మనమైతే వాసనని కూడా చూస్తాం.

చుట్టూ స్ప్రూసులు లేకపోతే ఎండ తగిలి
రైత ఉన్నా అర ఎండిపోతుంది.
ఎన్ని అడుగుల నీడ చాలు?
ఎవరూ తేల్చి చెప్పలేదు.
అతను పద్నాలుగు రిబ్బన్లు విప్పాడు.
పదిహేనోదాని ముడి పట్టుకుని
కొండ పైదాకా చూశాడు.
ఎర్రగా, వరసగా, తన చేతిముడులే.

తిరుగు దారిలో హిల్క్కా
చెట్టుని తాకిన అరచెయ్యి ముక్కు దగ్గరే పెట్టుకుంది.
అతను కారు అద్దాలు దించలేదు.