గడప ముక్క

నరసన్నపేట ఆర్కెస్ట్రా గిటారుకి నట్టు విరిగింది.
మెడకీ తలకీ మధ్య
ఆరు తీగలూ ఆనే అంగుళన్నర గడప.

బూడితి వెళ్లి ఇత్తడి ముక్క తెచ్చాను.
“గంటలా అరుస్తాది బావూ,” అన్నాడు దండాసి.
ప్లాస్టిక్కు?
“తీగ సెరుగ్గెడలా కోసీస్తాది.”

రేకుడబ్బాలోంచి గేదె ఎముక తీశాడు,
వారం రోజులు కిరసనాయిల్లో నానినది.
గాడి కోసి, ఊది, చెవి ఆన్చి, మళ్లీ కోశాడు.
పళ్లడాక్టరు గది వాసన.

“ఏలెట్టి నొక్కినావా, దీన్తో పన్లేదు.
ఏలు తగల్ని తీగకే
ఇది గొంతు.”

ఆ రాత్రి పెళ్లిపందిట్లో
పల్లవికీ చరణానికీ నడుమ చెయ్యి జారింది.
లావు తీగ ఒక్కటీ,
ఏ వేలూ లేకుండా,
రాటలదాకా మోగింది.

ఎవరూ తల తిప్పలేదు.
సాంబారు బకెట్టుతో పోతున్న గుంటడొకడు
ఆగాడు.