ఏడు అంకెలు

గాంధీనగర్‌లో సెకండ్ షోకి
ముప్పై ఒక్క ఏళ్లుగా టార్చి పట్టుకుంటున్నవాణ్ణి.
చీకట్లో జనానికి సీటు చూపించడం నా పని.
దయ్యాలు నన్ను అడిగేవి కావు,
నేరుగా తెరమీదికి పోయేవి.

అప్పటి దయ్యం మర్యాదస్తురాలు.
ముందు గజ్జెలతో కబురు పెట్టేది,
నక్కచేత ఊళ వేయించేది,
కిటికీ రెక్కలు నాలుగుసార్లు కొట్టించి
వియ్యపురాలు దిగినంత హడావుడిగా దిగేది.
నేలక్లాసు వాళ్లు ఈలలేసి ఎదురెళ్లేవాళ్లు.
పైన ఆపరేటర్ సుభానీ
రీలు మార్చే సందులో బీడీ ముట్టించుకుని
"వచ్చిందా?" అని అడిగేవాడు, బస్సు గురించి అడిగినట్టు.

ఇప్పటి బొమ్మల్లో దయ్యం రాదు.
అదే వచ్చిన చిక్కు.

మొన్న శుక్రవారం పడ్డ బొమ్మలో ఒక వంటిల్లు.
గట్టుమీద బోర్లించిన గిన్నెలు,
ఫ్రిజ్ తలుపుకి అంటించిన కరెంటు బిల్లు,
చక్కెర డబ్బా మూత సరిగా పెట్టలేదు.
ఒకమ్మాయి మంచినీళ్లు తాగుతుంది. అంతే.
ఆమె వెనక తలుపు బెత్తెడు తెరిచి ఉంటుంది.
కెమెరా అటు చూడదు.
అది చూడనందుకే హాలంతా అటే చూస్తుంది.

అప్పుడు చప్పుడు పోతుంది.
సంగీతం, ఫ్యాను, ఆఖరికి ఆమె గుటక కూడా.
ఇరవై ఆటలు లెక్కపెట్టాను, సరిగ్గా ఏడు అంకెలు.

నేను తెరకి వీపు పెట్టి జనాన్ని చూస్తాను.
"దయ్యంతో సెల్ఫీ దిగుతాం" అంటూ వచ్చిన
ఆటోనగర్ కుర్రాళ్లు
మూడో అంకెకి కాళ్లు సీటుమీదికి లాక్కుంటారు.
పాప్‌కార్న్ నమలడం నోట్లోనే ఆగిపోతుంది.
చేతికి బంగారు గడియారం ఉన్న పెద్దాయన
పక్కవాడి మణికట్టు పట్టుకుంటాడు,
ఆ పక్కవాడెవరో ఆయనకి తెలియదు.
ఏడు.
ఏమీ రాదు. బయట పాలబ్బాయి గంట మోగుతుంది.
హాలంతా సిగ్గుపడి నవ్వుతుంది.
ఆ నవ్వు సగంలో ఉండగా
వస్తుంది అసలుది.

"డబ్బులిచ్చి భయం కొనుక్కోవడమేంట్రా" అంటాడు
బయట ఉల్లి సమోసాలమ్మే పోలినాయుడు.
నాకు అప్పుడు సరైన జవాబు తట్టలేదు.

మాది సింగ్‌నగర్.
బుడమేరు పొంగిన రాత్రి
నీళ్లు గడప దాటేటప్పుడు ఎవర్నీ పిలవలేదు.
చల్లగా తగిలితే కాలు కిందపెట్టి చూశాను,
మంచం కింద చెప్పులు తేలుతున్నాయి.
నక్క లేదు, గజ్జెలు లేవు.
ఈ బొమ్మలు తీసే కుర్రాళ్లకి
ఆ సంగతి ఎవరు చెప్పారో!

ఆ రాత్రికి ఇంటర్వెల్ లేదు.
అరుద్దామంటే వినేందుకు పక్కింటివాళ్లు కూడా మేడమీదే,
వాళ్లూ మాలాగే నోరు మెదపలేదు.
ఇక్కడ మాత్రం ఆరువందల మంది ఒక్కసారే అరుస్తారు.
అరిచాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.
గేటు దగ్గర ఆ పెద్దాయన
మణికట్టువాడికి టీ ఇప్పిస్తున్నాడు.
మరి ఇది కొనుక్కోవలసిందే కదా, పోలినాయుడూ.

నిన్న రాత్రి ఆట విడిచాక
ఫ్లైఓవర్ ఎక్కి సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను.
వంటింట్లో లైటు వేయలేదు.
వరద పోయాక వాయిదాల మీద కొన్న కొత్త ఫ్రిజ్
గుర్రుమంటూ గుర్రుమంటూ ఉన్నట్టుండి ఆగింది.

ఇరవై ఆటల్లో రానిది
వీపు మీదుగా మెడదాకా పాకింది.
చెంబు చేతిలోనే ఉంది. తాగలేదు.
వెనక తలుపు, నేనే వేయలేదు, బెత్తెడు.

లోపల్నుంచి సలోమి, నిద్రగొంతుతో,
"ఎవరది?"

నేను పలకలేదు.
ఒకటి, రెండు...
నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని నిలబడ్డాను.
ఆరో అంకెకి
చెప్పు వచ్చి భుజానికి తగిలింది.