నిచ్చెన మినహా

ఫిబ్రవరిలో చూశాం తోటని.
అరవై చెర్రీ చెట్లూ మోడులే, ఒకే పోలిక.
అదెల్మో బెరడు తడుముతూ చెప్పాడు:
ఇది తొందరపడుతుంది.
ఇది వానకి పగులుతుంది.
ఆ చివరిది పిట్టల వాటా, లెక్కేసుకోకండి.

మోదెనాలో నోటరీ చదివిన దస్తావేజులో
హద్దులున్నాయి, పనారో ఏరుంది,
చెట్ల ఊసే లేదు.
సంతకం సగంలో కలం ఆపి
"నిచ్చెన బేరంలో లేదు" అన్నాడాయన.
ఎనిమిది మీటర్ల కర్ర నిచ్చెన,
నాలుగో అంతస్తు ఫ్లాటుకి!
లొరెదానా గిల్లింది, నవ్వొద్దని.

జూన్‌లో కాయ ఎర్రబడింది.
మేం కొన్న అల్యూమినియం నిచ్చెన
మొదటి పంగ దగ్గరే ఆగిపోయింది.
మూడోరోజు తెల్లారకముందే
మేనల్లుడి ట్రక్కు మీద
కొసకి ఎర్రగుడ్డ కట్టుకుని వచ్చింది అది,
వెనకాలే ఆయన.
పలకరింపు లేదు.
పైకెక్కి, ఒక పండు నోట్లో వేసుకుని
గింజ ఉమ్మాడు
మా నేల మీద.