ముప్పై ఒకటో ప్రశ్న

సిరొంచలో, ప్రాణహిత గట్టు వాడలో
తునికాకు కట్టలు కడుతున్న పోచక్క
నా ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఆగింది.

వాకిట్లో చెప్పుల చప్పుడు.
శిక్షణలో చెప్పినట్టే కాగితం తిప్పేశాను:
"పిల్లలకు పోలియో చుక్కలు వేయించారా?"
"ఏయించిన" అంది, తడబడకుండా.
అబద్ధం ఆడటానికి నాకు మూడు రోజుల తరగతి పెట్టారు.
ఆమెకు ఎన్నేళ్లు పట్టిందో.

అతను చెంబెడు నీళ్లు తాగి వెళ్లాక
సిరాపెట్టె తీస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది:
"పేరు రాయనంటివి గదా.
మరి ఏలు ఎవరిది?"

"రేపు రా" అంది.
చెప్పులేసుకుంటుంటే
"రాకు" అంది.

వంతెన మీద బస్సు. ఒళ్లో ఫారం.
రమ్మన్నదానికీ వద్దన్నదానికీ
ఒకటే గడి, ఒకటే అంకె: తొంభై తొమ్మిది.
కుదుపుకి పెన్ను గడి దాటింది.
దిద్దలేదు.