నిలబడితే వేడి

నడుస్తుంటే చల్లగానే ఉంటుంది.
గేటు పడితేనే తంటా.

గరివిడి దాటి నెల్లిమర్ల వచ్చేదాకా
ఏసీ బుద్ధిగా ఊదుతుంది.
మిల్లు దగ్గర రైలు గేటు పడి
బండి ఆగిన రెండో నిమిషానికి
జల్లెడలోంచి వచ్చేది గాలి కాదు,
గంజి కుండ మూత తీసినట్టు ఆవిరి.
కంటి ఆపరేషను చేయించుకొస్తున్న పెద్దాయన
నల్లద్దాల వెనకనుంచి,
"కిటికీ దించీ బావూ,
దేవుడిచ్చిన వడగాలే నయం" అన్నాడు.

గేసు అయిపోయిందన్నారు కోట దగ్గర షాపులో.
పద్దెనిమిది వందలు.
మళ్ళీ గేసే అన్నారు కలెక్టరాఫీసు దగ్గర.
పదహారు వందలు, తెలిసినవాణ్ణని.
కంప్రెసర్ పోయిందన్నాడు మూడోవాడు
బానెట్ ఎత్తకుండానే.
వాడు చెప్పిన అంకెకి
మొత్తానికి నా ఒళ్ళయితే చల్లబడింది.

తవిటయ్య షెడ్డుకి బోర్డు లేదు.
పుట్టగానే తవుడికి అమ్మి
తిరిగి కొనుక్కున్న పిల్లడు,
ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళవాడు.
పదిహేడేళ్ళు మిల్లులో స్పిన్నింగు.
లాకౌట్ తర్వాత నేర్చిన విద్య ఇది.

ఇంజను ఆపబోతే వద్దన్నాడు.
"ఎప్పుడు ఏడెక్కుతాది?
నడిసినప్పుడా, నిలబడ్డప్పుడా?"
మూడు షాపుల్లో ఎవరూ అడగలేదు ఈ మాట.
"నిలబడ్డప్పుడు."
"మరింకేటి, సగం జబ్బు నువ్వే సెప్పీసినావు."
(నాకూ అదే జబ్బని మా అప్పలనర్సమ్మ వాదన.
కదుల్తున్నంతసేపే మంచివాణ్ణట.)

రెండు పైపులూ చెరో చేత్తో పట్టుకున్నాడు.
నాడి చూసినట్టు అంటే బాగుంటుంది గానీ,
సంతలో వంకాయలు తూకం చూసినట్టు.
సన్నది కాలుతోంది.
లావుది చల్లబడీ చల్లబడనట్టుంది.
టక్కుమని క్లచ్ పట్టింది, వదిలింది.
పాత పేపరు ముక్క చింపి
గ్రిల్ ముందు పెట్టాడు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది,
పేపరు అంటుకోదే!
జారి అతని చెప్పుల మీద పడింది.

"గేసుంది. తిరుగుతోంది.
పాపం, ఏడి దింపుకోడానికే దానికి సోటు లేదు."

బంపరు విప్పి, బోల్టులు వదులు చేసి,
రేడియేటర్ని నాలుగేళ్ళు ఇవతలికి లాగి
టార్చి వేశాడు.
ముందువైపు శుభ్రమే, అందుకే ఎవరికీ కనబడలేదు.
రెంటి నడుమా, చీకట్లో, గోగునార.
మెరుపు పోయి, బూడిద రంగై,
పరుపులా పరుచుకుని.
చలికాలమంతా రాజాం రోడ్డులో
నార లారీల వెనకే నడిపాను.
మోపులు విదిల్చిన పోచల్ని
ఒక్కొక్కటే మింగి, నాతో చెప్పకుండా
కూర్చుంది నా బండి.

తవిటయ్య కాసేపు మాట్లాడలేదు.
"ముక్కులోంచి గూడా ఇలాగే తీసీవోళ్ళం,
షిఫ్టు దిగినాక," అన్నాడు.
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అరిగిన టూత్‌బ్రష్షు. సన్నటి నీళ్ళు,
వెనకనుంచి ముందుకి.
నేను పైపు నొక్కి జోరు పెంచబోతే
చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.
"రేకులు ఒంగిపోతాయిరా!
సంటిదాని తల దువ్వినట్టు దువ్వాల."
కారిన పీచుని పారెయ్యలేదు.
మాట్లాడుతూనే తొడమీద వేసి పురి తిప్పాడు.
మిల్లు మూతపడిన సంగతి
ఆ వేళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.
జానెడు దారం.
తెచ్చి ఏసీ జల్లెడకి ముడేశాడు.
"ఇది ఎగిరితే గాలొస్తన్నట్టు.
సల్లగుందో లేదో నీ మొకమే సెప్తాది."

నాలుగొందలు తీసుకున్నాడు.
గేసు కొట్టలేదు.

తిరిగొస్తుంటే గేటు పడింది.
విశాఖ వైపు గూడ్సు, బొగ్గు డబ్బాలు,
ఎంతకీ తరగవు.
ముందు ఆటోవాడు ఇంజను ఆపేసి
బీడీ వెలిగించాడు.
నేను ఆపలేదు.
రెండో నిమిషం.
మూడో నిమిషం.
ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి.
దారం ఎగురుతూనే ఉంది.

గేటు లేచింది.
వెనకవాడు హారను కొడుతున్నాడు.
కొట్టనీ.