ఇల్ల

నారాయణపేట మార్కెట్ యార్డుల
ముప్పై ఏండ్లు కందులు జోకిన దడువాయి
సిద్రామప్ప నోరు
మొన్న బేస్తారం పొద్దుగాల
ముల్లు విరిగిన తరాజు లెక్క ఒకదిక్కు ఒరిగింది.

పాలమూరు పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.
పోయిన మాటలు మళ్ల నేర్పుడు నా పని.
సంచిల ఇరవై నాలుగు బొమ్మలు, ఒక కాగితం.
కాగితం మీద రెండే గడులు:
చెప్పిండు, చెప్పలేదు.

నీళ్ల గ్లాసు బొమ్మకు 'నీరు' అన్నడు.
పుస్తకాల మాట ఈయనకెట్ల వచ్చెనా అనుకుంటనే
టిక్కు పెట్టిన.
పిల్లిని చూసి 'బెక్కు' అన్నడు.
అప్పుడు సమజైంది, ఆ నీరు కూడ మాది కాదని.

ఇంటి బొమ్మ చూపించిన.
చానసేపు చూసిండు.
'ఇల్ల.'

దగ్గరికే వచ్చిండు గద, టిక్కు పెడుదునా?
మంచం పక్కన శరణమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.
'అది ఇల్లు కాదు బిడ్డా,
ఇంటిని మేము మనె అంటం.
ఇల్ల అంటే, లేదని.'

వారం సంది రాత్రి డ్యూటీ నర్సు
'నొప్పి ఉన్నదా తాతా' అని అడుగుడు,
ఈయన 'ఇల్ల' అనుడు,
ఇంటికి పోతనంటున్నడని ఆమె ఫైలుల రాసుడు.

మీ ఇంట్ల ఏం భాష అని అడిగితే
శరణమ్మ నవ్వింది.
కోపానికి కన్నడం. బేరానికి తెలుగు.
లారీ డ్రైవర్లతోటి ఉర్దూ.
దేవునితోటా?
'ఆయన దేవునితోటి మాట్లాడుడే తక్కువ.'

చదువుకునేటప్పుడు అనుకునేదాన్ని
తలకాయల భాషకొక అర్ర ఉంటదని,
ఒకదాంట్ల దీపం పెడితే ఇంకోదాంట్ల చీకటని.
కాదు.
రెండూ ఒక్క అరుగు మీదనే కూసుంటయి,
రెండూ మేలుకొనే ఉంటయి.
ఒకటి మాట్లాడినంతసేపు
రెండోదాని నోటి మీద ఒక చెయ్యి ఉంటది.
యార్డుల పొద్దంత అవ్వ భాష నోరు మూసి,
గడప దాటంగనే బేరం భాష నోరు మూసి,
ముప్పై ఏండ్లల్ల ఆ చెయ్యి కాయలు కాసి
రాయి లెక్క గట్టిపడ్డది.
దెబ్బ తగిలింది మాటకు కాదేమో,
ఆ చేతికేమో.

నా సంగతి అడగకుండ్రి.
మాది దేవరకొండ దిక్కు.
అయిదేండ్లు ఇంగ్లీషుల చదివిన.
'స్ట్రోక్' అంటే నా గొంతు వణకదు.
'పచ్చవాతం' అన్ననంటే
మా నాయన ఈడ్చుకుంట నడిచిన కాలి చప్పుడు
వరండ పొడుగూత ఇనొస్తది.
అందుకే వార్డుల ఇంగ్లీషే మాట్లాడుత.
ధైర్యమున్న పిల్ల అంటరు.

నిన్న పొద్దుగూకినంక
శరణమ్మ గోలీలు దుప్పటి మీద పరిచింది.
ఆయన మంచిచేతి వేలు మెల్లగ ముందుకొచ్చింది.
యార్డుల మొదటి తూకాన్ని ఒకటి అనరు.

'లాభం' అన్నడు.
బస్తాల నడుమ నిలబడ్డట్టే, గొంతు నిండ.
'రెండు.'
తెలుగే! పెన్ను తీసిన.
'మూరు.'
పెన్ను ఆగింది.
'నాల్కు.'
'అయిదు.'
'ఆరు.'

అయిదు ఏ భాషది? ఆరు ఏ భాషది?
శరణమ్మ దిక్కు చూసిన.
'రెండిట్ల గంతే గదమ్మా' అన్నది,
నేనేదో తెలివితక్కువది అడిగినట్టు.

కాగితం మీద మూడో గడి గీద్దామంటే జాగ లేదు.
ఆయన ఏడో గోలీ కోసం
దుప్పటి మడతలు తడుముతున్నడు.
లేపి చూసిండు, దులిపి చూసిండు.
నా దిక్కు తిరిగి
సగం నోటితోటి, నవ్వినట్టే ఉన్నది,
'ఇల్ల' అన్నడు.